ఎల్‌వీ బోర్డు కనిపించేదాకా లైన్ క్లియర్ ఇవ్వకండి

రాత్రి పదకొండు. ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే పేట, అందులో ఒక రైల్వే క్వార్టర్. ముందు గదిలో నాన్నగారు నిద్రపోతున్నారు. వంటింటి పక్కన చిన్న టేబుల్ మీద మీ ల్యాప్‌టాప్. తెల్లారేసరికి ఇవ్వాల్సిన వెబ్ సర్వీసు అది. పది రికార్డులతో చూసుకున్నప్పుడు చక్కగా పనిచేసింది, వెయ్యితోనూ చేసింది. ఇప్పుడు అసలు డేటా పెట్టారు, రెండు లక్షల రికార్డులు. ఫ్యాన్ రొద పెరిగింది, స్క్రీన్ బిగుసుకుపోయింది, కాసేపటికి మెమరీ చాలలేదంటూ ప్రోగ్రాం పడిపోయింది.

మీకూ ఇలా జరిగిందా? అయితే ముందు ఒక మాట. మీకు ప్రోగ్రామింగ్ రాదని దీని అర్థం కాదు. మనందరికీ మొదట నేర్పే పద్ధతే అలాంటిది: డేటా మొత్తం తెచ్చుకో, మొత్తం జేసన్‌గా విప్పు, తర్వాత పని మొదలుపెట్టు. చిన్న డేటాకి అది సరైన పద్ధతే. డేటా పెరిగినప్పుడు పద్ధతి మార్చుకోవాలని మాత్రం ఎవరూ చెప్పరు. ఈ అధ్యాయం అందుకే.

ఇలాంటప్పుడు చాలామందికి వచ్చే మొదటి ఆలోచన, ర్యామ్ పెంచుదామని. మన ఊరి ప్లాట్‌ఫాం సంగతి మీకు తెలుసు. 1072.5 మీటర్లు, ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదని స్కూల్లో చదువుకున్నాం. 2013లో గోరఖ్‌పూర్ 1366 మీటర్లతో దాన్ని దాటింది. 2023లో హుబ్బళ్లి 1507 మీటర్లతో గోరఖ్‌పూర్‌నీ దాటింది. ర్యామ్ కూడా అంతే. 8 జీబీ చాలదని 16 పెడతారు, ఏడాది తిరిగేసరికి డేటా దాన్నీ దాటిపోతుంది. రెండు లక్షల రికార్డులు, ఒక్కోటి ఒక కేబీ అనుకుంటే 200 ఎంబీ ఫైలు. దాన్ని విప్పి పైథాన్ డిక్షనరీలుగానో జావా ఆబ్జెక్టులుగానో మారిస్తే దానికి రెండు మూడు రెట్లు మెమరీ పట్టినా ఆశ్చర్యం లేదు. అలాంటి అభ్యర్థనలు ఒకేసారి అయిదు వస్తే?

నింపురా యార్డులో 58 వ్యాగన్ల రేక్‌ని ఖాళీ చేయడానికి 58 వ్యాగన్ల సరుకూ ఒకేసారి పట్టే గోదాం ఎవరైనా కడతారా? ఒక వ్యాగన్ తెరుస్తారు, దింపుతారు, పంపేస్తారు, తర్వాతది తెరుస్తారు. జేసన్ స్ట్రీమింగ్ అంటే ఇదే. ఇక చేయాల్సిన పనులు చూద్దాం.

1. అసలు స్ట్రీమింగ్ కావాలా?

ముందు ఈ ప్రశ్న వేసుకోండి. మీ జవాబు ఒకటి రెండు ఎంబీలకు మించకపోతే ఈ అధ్యాయం మూసేసి మామూలు జేసన్ పంపండి. స్ట్రీమింగ్ వల్ల కోడ్ పెరుగుతుంది, తప్పులు దొరికించుకోవడం కష్టమవుతుంది. అవసరం లేని చోట ఆ బరువు ఎందుకు?

రెండో దారి పేజీలుగా పంపడం. ఒక్కో పేజీలో 500 రికార్డులు, పేజీ చివర ‘తర్వాత ఇక్కడినుంచి అడుగు’ అనే టోకెన్. గ్రంథాలయాలు తమ గ్రంథ వివరాలు పంచుకోవడానికి 2002 నుంచి వాడుతున్న ఓఏఐ-పీఎంహెచ్ రెండో వెర్షన్‌లో ఉన్నది ఈ పద్ధతే. మన పక్కనే ఉన్న ఐఐటీ చేతిలో నడుస్తున్న జాతీయ డిజిటల్ లైబ్రరీని తలుచుకోండి. 2018 జూన్ 19న జాతికి అంకితమైన ఆ లైబ్రరీలో ఉన్నవి కోట్ల వనరుల వివరాలు. అలాంటి జాబితాని ఒక్క జవాబులో ఇమ్మని అడగడం, పంపడం రెండూ పొరపాట్లే. అడిగేవాడు నెమ్మదిగా, తన వీలునుబట్టి తీసుకుంటాడనుకుంటే పేజీలు మేలు. ఒకే ఊపులో అంతా తోడుకోవాలన్నా, జరుగుతున్నది జరుగుతున్నట్టే తెలియాలన్నా స్ట్రీమింగ్ మేలు.

2. వ్యాగన్ ఎక్కడ ముగుస్తుందో ముందే ఒప్పందం చేసుకోండి

మామూలు జేసన్‌లో రికార్డులన్నీ ఒక పెద్ద శ్రేణిలో ఉంటాయి. మొదట [, చివర ]. ఆ చివరి ] వచ్చేదాకా అది పూర్తి జేసన్ కాదు, మామూలు పార్సర్ దాన్ని ముట్టుకోదు. రెండు లక్షల రికార్డులు దాటాక వచ్చే ఒక్క అక్షరం కోసం అన్నీ ఆగిపోతాయి.

దీనికి అతి సులువైన మందు ఎన్‌డీజేసన్. జేసన్ లైన్స్ అనేదీ ఇంచుమించు ఇదే. వరుసకి ఒక రికార్డు, చివర కొత్త వరుస గుర్తు, అంతే. చుట్టూ బ్రాకెట్లు లేవు, మధ్యలో కామాలు లేవు. వరుస వచ్చింది, విప్పారు, పని చేశారు, వదిలేశారు. రికార్డు లోపల ఎవరో చిరునామాని రెండు వరుసల్లో రాసి ఉంటే కొంప మునగదా అని మీకు అనుమానం రావచ్చు. మునగదు. జేసన్ నియమాల ప్రకారం కొటేషన్ల లోపల కొత్త వరుస గుర్తు నేరుగా ఉండకూడదు, వెనకగీత పక్కన ఎన్ రాయాల్సిందే. కాబట్టి బయట కనిపించే కొత్త వరుస కచ్చితంగా రికార్డు ముగింపే. ఒక్క జాగ్రత్త: అందంగా కనిపించాలని ఇండెంట్ పెట్టి రాయకండి. ఒక రికార్డు పది వరుసల్లో పరుచుకుంటే ఒప్పందం చెడుతుంది.

అవతలివాళ్లు పెద్ద శ్రేణిగానే పంపుతున్నారు, మార్చమంటే మార్చరు. అప్పుడేం చేయాలి? ముక్కలుగా చదివే పార్సర్లు ఉన్నాయి. పైథాన్‌లో ఐజేసన్, జావాలో జాక్సన్ స్ట్రీమింగ్ పార్సర్, గో భాషలో అయితే ప్రామాణిక లైబ్రరీలోని డీకోడరే ఆ పని చేస్తుంది. వికీడేటా వాళ్లు చేసిన ఏర్పాటు నాకు చాలా నచ్చింది. వాళ్ల మొత్తం డేటా ఒకే జేసన్ శ్రేణిగా దొరుకుతుంది, కుదించిన ఫైలే 100 జీబీ దాటుతుంది. కానీ ఒక్కో అంశాన్ని ఒక్కో వరుసలో పెట్టారు. మొదటి వరుసలోని [, చివరి వరుసలోని ] వదిలేసి, ప్రతి వరుస చివరి కామా తీసేస్తే చాలు, మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా వరుసవరుసగా చదువుకోవచ్చు. పాత పద్ధతివాళ్లకీ కొత్త పద్ధతివాళ్లకీ ఒకే ఫైలు సరిపోయింది.

3. నెట్‌వర్క్ తెచ్చే ముక్క వేరు, మీ రికార్డు వేరు

నేను చూసిన తప్పుల్లో సగం ఇక్కడే. సర్వర్ ఒక రికార్డు రాసి పంపితే ఇవతల ఒక ముక్కగా అదే రికార్డు వస్తుందని నమ్మేస్తారు. సొంత కంప్యూటర్ మీద పరీక్షిస్తే నిజంగానే అలా వస్తుంది కూడా, అందుకే నమ్మకం కుదురుతుంది. అసలు నెట్‌వర్క్ మీద ఒక ముక్కలో రెండున్నర రికార్డులు రావచ్చు, తర్వాతి ముక్కలో ఆ మిగతా సగం రావచ్చు. వచ్చిన ప్రతి ముక్కనీ నేరుగా పార్సర్‌కిస్తే అది పగటిపూట బాగానే పనిచేసి, రద్దీ పెరిగిన రాత్రి విరిగిపోతుంది.

చేయాల్సింది ఇది. వచ్చిన ముక్కని ఒక బఫర్‌లో చేర్చండి. అందులో కొత్త వరుస గుర్తు ఎక్కడుందో చూడండి. అక్కడిదాకా తీసి విప్పండి. మిగిలిన తోకని తర్వాతి ముక్క కోసం అట్టే పెట్టండి. బఫర్‌కి ఒక హద్దు కూడా పెట్టండి, లేకపోతే కొత్త వరుస గుర్తు ఎప్పటికీ రాని చెడ్డ డేటా మీ మెమరీనంతా మింగేస్తుంది.

తెలుగు డేటాతో పనిచేసేవాళ్లకి ఇక్కడే ఇంకో గుంట ఉంది, ఇంగ్లిష్ పాఠాల్లో దీన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి కోడ్‌కీ మూడు బైట్లు కావాలి. మన పేట పేరే తీసుకోండి. ‘ట్రాఫిక్’ అని రాస్తే ట, పొల్లు, ర, దీర్ఘం, ఫ, గుడి, క, పొల్లు. ఎనిమిది కోడ్‌లు, 24 బైట్లు. నెట్‌వర్క్ ముక్క సరిగ్గా పదో బైటు దగ్గర తెగిందనుకోండి. దీర్ఘంలో మూడోవంతు ఈ ముక్కలో, మిగతాది తర్వాతి ముక్కలో ఉంటుంది. రెండు ముక్కల్నీ విడివిడిగా అక్షరాలుగా మార్చారా, దీర్ఘం పోయి ఆ చోట నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకాలు కూర్చుంటాయి. జేసన్ మాత్రం చెడదు. చాలాసార్లు ప్రోగ్రాం తప్పు చూపించదు. పేరు పాడై డేటాబేస్‌లోకి చేరిపోతుంది, ఆర్నెల్ల తర్వాత ఎవరో ఫిర్యాదు చేస్తారు.

మందు చాలా సులువు. ముందు బైట్లుగానే కూడబెట్టండి, కొత్త వరుస బైటు దగ్గర కోయండి, ఆ తర్వాతే అక్షరాలుగా మార్చండి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం లోపల కొత్త వరుస బైటు రావడం అసాధ్యం, కాబట్టి ఆ కోత ఎప్పుడూ క్షేమమే. బ్రౌజర్‌లో రాస్తుంటే టెక్స్ట్ డీకోడర్‌కి స్ట్రీమ్ ఆప్షన్ పెట్టండి, సగం అక్షరాన్ని అది దాచి ఉంచుకుని తర్వాతి ముక్కతో కలుపుతుంది.

పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు మన పేటల్లో ఎంత సంతోషించామో గుర్తుందా? ఆ హోదా కాగితం దాటి కంప్యూటర్లలోకి రావాలంటే మన పేర్లు దీర్ఘాలూ పొల్లులూ పోకుండా ఇవతలినుంచి అవతలికి చేరాలి. ఆ పని మీలాంటివాళ్ల చేతుల్లో ఉంది.

4. దారిలో ఎవరు ఆపుతున్నారో చూడండి

సర్వర్ రికార్డు రికార్డుగా పంపుతోంది, ఇవతల మాత్రం అంతా చివర్లో ఒకేసారి వచ్చి పడుతోంది. ఎందుకు? మధ్యలో ఎవరో కూడబెడుతున్నారు. ఎక్కువసార్లు అది ఎన్‌జిన్‌ఎక్స్ ప్రాక్సీ. ప్రాక్సీ బఫరింగ్ ఆపేయండి, లేదా జవాబు హెడర్లలో ఎక్స్-యాక్సెల్-బఫరింగ్‌కి ‘నో’ అని పెట్టండి. జీజిప్ కుదింపు కూడా ఇలాగే కూడబెడుతుంది. కర్ల్‌లో బఫరింగ్ ఆపే ఆప్షన్ పెట్టి, ముందు సర్వర్‌ని నేరుగా, తర్వాత ప్రాక్సీ గుండా అడిగి చూడండి. తేడా అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఎన్‌జిన్‌ఎక్స్ మామూలుగా 60 సెకన్లు ఏమీ రాకపోతే లైను తెంపేస్తుంది కాబట్టి, డేటా లేనప్పుడు కూడా పావు నిమిషానికోసారి ఒక ఖాళీ వరుస పంపడం మంచిది.

5. యార్డు నిండితే బండిని ఔటర్‌లోనే ఆపండి

హౌరా నుంచి వచ్చేటప్పుడు ఊరి పొలిమేరలో బండి ఆగిపోతే అందరం ఒకటే మాట అంటాం, ఔటర్‌లో ఆపేశాడని. విసుగు మనకి. కానీ లోపల లైను ఖాళీ లేకుండా బండిని రానిస్తే ఏమవుతుంది?

మీ ప్రోగ్రాం సెకనుకి పదివేల రికార్డులు రాయగలదు, అవతలి ఫోను వెయ్యే చదవగలదు. మిగతా తొమ్మిదివేలు ఎక్కడ ఆగుతాయి? మీ సర్వర్ మెమరీలో. స్ట్రీమింగ్ చేస్తున్నామనుకుంటూనే మళ్లీ మెమరీ నింపుకుంటున్నారన్నమాట. నోడ్‌లో రాస్తుంటే రైట్ అనే ఫంక్షన్ ‘ఫాల్స్’ అని తిరిగి చెప్పినప్పుడు ఆగి, డ్రెయిన్ అనే కబురు వచ్చాకే మళ్లీ రాయండి. ఆ జవాబుని పట్టించుకోకుండా లూపులో రాసుకుంటూ పోవడం రోజూ కనిపించే తప్పు.

దానికి అన్నయ్యలాంటి తప్పు డేటాబేస్ వైపు ఉంది. బయటికి వరుసవరుసగా పంపుతారు గానీ, లోపల క్వెరీ రెండు లక్షల వరుసల్నీ ముందే తెచ్చిపెట్టుకుంటుంది. పైథాన్‌లో పోస్ట్‌గ్రెస్ వాడే సైకోపీజీ2 మామూలు కర్సర్ చేసేది అదే. పేరు పెట్టిన కర్సర్ తెరిస్తే విడతలవారీగా తెస్తుంది. స్ట్రీమింగ్ మొదటి గొట్టం నుంచి చివరి గొట్టం దాకా ఉండాలి. మధ్యలో ఒక్క ట్యాంకు కట్టినా లాభం పోతుంది.

6. ఎల్‌వీ బోర్డు పెట్టండి

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే, ఇది గుర్తుంచుకోండి.

మా నాన్న గూడ్స్ గార్డుగా రిటైరయ్యారు. 2022లో ఆ ఉద్యోగం పేరు ట్రైన్ మేనేజర్ అని మారింది గానీ మా ఇంట్లో ఇప్పటికీ గార్డే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రాసిన సర్వీసు ఒకటి రోజూ రాత్రి ఇంకో చోటినుంచి రికార్డులు తోడుకునేది. ఒక నెల లెక్కలు తేలలేదు. వెతికితే తెలిసింది, మూడు రాత్రులు అవతలి సర్వర్ మధ్యలో ఆగిపోయింది. నా ప్రోగ్రాం వచ్చినంతా తీసుకుని ‘విజయవంతం’ అని రాసి పడుకుంది. తప్పు నాదే. ఆ రాత్రి భోజనాల దగ్గర చెబితే నాన్న ముద్ద ఆపి అడిగారు.

“ఏట్రా, బండి మొత్తం వచ్చిందని నీకెలా తెలిసింది?”

“రావడం ఆగిపోయింది కదా నాన్నా, అయిపోయిందనుకున్నాను.”

“ఆగిపోతే అయిపోయినట్టా? కప్లింగ్ తెగి సగం వ్యాగన్లు సెక్షన్‌లో ఉండిపోతే? ఎల్‌వీ బోర్డు చూడకుండా స్టేషన్ మాస్టర్ వెనక స్టేషన్‌కి సెక్షన్ ఖాళీ అని చెబితే ఏటవుద్దో తెలుసా నీకు?”

తెలుసు. ట్రాఫిక్‌లో పెరిగిన పిల్లలందరికీ తెలుసు. ఆఖరి పెట్టెకి ‘లాస్ట్ వెహికల్’ అని చెప్పే ఎల్‌వీ బోర్డు, రాత్రయితే ఎర్ర దీపం. అది కళ్లతో చూశాకే బండి పూర్తిగా వచ్చినట్టు. ఇరవయ్యేళ్లు ఆ బోర్డు చూస్తూ పెరిగి, నా ప్రోగ్రాంలో పెట్టడం నాకు తట్టలేదు.

వెబ్ సర్వీసులో ఇది ఎందుకు మరీ ముఖ్యమంటే, మొదటి రికార్డు పంపేముందే సర్వర్ ‘200, అంతా బాగుంది’ అని చెప్పేస్తుంది. లక్షో రికార్డు దగ్గర డేటాబేస్ పడిపోతే ఆ మాట వెనక్కి తీసుకునే వీల్లేదు. హెచ్‌టీటీపీ 1.1లో ముక్కలుగా పంపేటప్పుడు చివర సున్నా పొడవున్న ముక్క ముగింపుని చెబుతుంది, నిజమే. కానీ మీ సర్వర్ కోడ్ తప్పుని పట్టుకుని మౌనంగా లూపు ముగిస్తే, ఆ సున్నా ముక్క మర్యాదగా వెళ్లిపోతుంది. అవతలివాడు సగం బండిని పూర్తి బండి అనుకుంటాడు.

కాబట్టి చివరి వరుసగా ఒక ప్రత్యేక రికార్డు పంపండి. అందులో రెండు విషయాలు: ఇది ముగింపు అనే మాట, మొత్తం ఎన్ని రికార్డులు పంపారనే లెక్క. మధ్యలో తప్పు జరిగితే దాని బదులు తప్పు రికార్డు పంపి ఆపేయండి. చదివేవైపు, ముగింపు రికార్డు రాకపోయినా, లెక్క కలవకపోయినా మొత్తం విడతని అసంపూర్ణంగా గుర్తించాలి. ఇప్పుడు సెక్షన్లలో ఆక్సిల్ కౌంటర్లు చేసేదీ ఇదే కదా, లోపలికి ఎన్ని ఇరుసులు వెళ్లాయో బయటికి అన్నీ వచ్చాయా అని లెక్కపెట్టడం.

7. తెగితే ఎక్కడినుంచి అందుకోవాలి?

మొదటినుంచీ మళ్లీ అడగడం ఒక దారి, డేటా పెద్దదైతే అది శిక్ష. ప్రతి రికార్డుకీ వరుసక్రమంలో ఒక గుర్తు ఇవ్వండి, తెగినప్పుడు ‘దీని తర్వాతినుంచి’ అని అడిగే వీలు కల్పించండి. సర్వర్-సెంట్ ఈవెంట్స్ పద్ధతిలో బ్రౌజర్ తనంతట తానే మళ్లీ కలుపుకుని, చివరగా అందుకున్న గుర్తుని పంపుతుంది. అయితే అందుకున్న రికార్డే రెండోసారి రావచ్చు. ఒకే పార్శిల్‌ని రెండుసార్లు లెక్కేయకుండా, గుర్తు చూసి పాతదాన్ని పక్కన పెట్టే ఏర్పాటు మీ వైపు ఉండాలి.

సాధన చేయడానికి మంచి చోటు ఒకటి చెబుతాను, పైసా ఖర్చు లేదు. వికీమీడియా వాళ్ల ఈవెంట్‌స్ట్రీమ్స్ అనే సేవ ప్రపంచంలోని వికీపీడియాలన్నిట్లో జరుగుతున్న మార్పుల్ని జేసన్ రూపంలో, జరిగిన క్షణాన ప్రవాహంగా పంపుతుంది. ఇటీవలి మార్పుల ప్రవాహం తెరిచి, వికీ అనే ఫీల్డులో తెలుగు వికీపీడియా ఉన్నవాటిని మాత్రం వడకట్టండి. 2003 డిసెంబరులో మొదలైన మన వికీపీడియాలో ఎవరో ఎక్కడో ఒక వ్యాసం దిద్దుతుంటే ఆ కబురు మీ టేబుల్ మీదికి వస్తుంది. ఆ సేవ పావుగంటకోసారి లైను తెంపుతుంది కూడా. తిరిగి అందుకోవడం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి మాస్టారు దొరకరు.

8. చిన్నవే, కానీ చెడగొడతాయి

రైలు నంబర్లు అంకెల్లా కనిపించినా కొటేషన్లలో పెట్టండి. ప్రత్యేక రైళ్ల నంబర్లు సున్నాతో మొదలవుతాయి, జేసన్ సంఖ్యల్లో మొదట సున్నా పెట్టి వెంటనే ఇంకో అంకె రాయడానికి వీల్లేదు. చాలా పెద్ద గుర్తింపు సంఖ్యలదీ అదే దారి. 9007199254740992 దాటితే జావాస్క్రిప్ట్ చివరి అంకెల్ని మార్చేయవచ్చు. పైథాన్ మామూలుగా తెలుగు అక్షరాల్ని యు-సంకేతాలుగా మార్చి రాస్తుంది. ‘ట్రాఫిక్’ 24 బైట్ల బదులు 48 అవుతుంది. ఆస్కీ మాత్రమే అన్న ఆ ఆప్షన్‌ని ఆపేస్తే మీ తెలుగు డేటా సగానికి తగ్గుతుంది.

ఇక ఈ రాత్రి చేయాల్సిన పని. మీ ప్రోగ్రాం నడుస్తుండగా, సగం రికార్డులు వచ్చాక, వైఫై ఆపేయండి. తర్వాత ఇంకోసారి నడిపి, ఈసారి సగంలో సర్వర్‌నే చంపేయండి. రెండుసార్లూ మీ ప్రోగ్రాం ఏం చెప్పిందో కాగితం మీద రాసుకోండి. ఏ ఒక్కసారి ‘విజయవంతం’ అని చెప్పినా, దాన్ని ఎవరికీ ఇవ్వకండి. ఆరో అంకె దగ్గరికి తిరిగి వెళ్లి, ఎల్‌వీ బోర్డు తగిలించి, మళ్లీ నడపండి.